నాయనమ్మ వంతు: మనవరాలిని చూడటానికి అమెరికా ప్రయాణం, అటక మీది సూట్‌కేసు దించడం దగ్గర్నుంచి

మా కోడలికి ఆగస్టు చివర్లో పాప పుట్టింది. పురుడు పోయడానికి వాళ్లమ్మగారు జూలైలోనే న్యూజెర్సీ వెళ్లారు. ఫోన్లో పాప ఫొటో చూడగానే మావారు అటక మీంచి సూట్‌కేసు దించి దుమ్ము కూడా దులిపేశారు. నేనే ఆపాను. మేం డిసెంబరు మొదటి వారంలో బయల్దేరి, జనవరి చివర్లో తిరిగొచ్చాం. ఆ ప్రయాణంలో కుదిరినవీ, చేసిన పొరపాట్లూ కలిపి రాస్తున్నాను. ఇది ముఖ్యంగా కొడుకు దగ్గరికి, అంటే కోడలి ఇంటికి, వెళ్లే నాయనమ్మలకీ తాతయ్యలకీ. అమ్మమ్మల లెక్క వేరు. వాళ్లకు చెప్పేంతదాన్ని కాను.

1. ముందు ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోండి

వీసా కన్నా ముందు తేలాల్సింది ఇదే. డాక్టరు ఇచ్చిన తేదీనే కాన్పు అయ్యేది నూటికి అయిదుగురికి మించదు. అందుకని అమ్మమ్మ ముందుగా వెళ్లి కూర్చోవాలి. మనకు ఆ తొందర లేదు. ఒకే వంటగదిలో ఇద్దరు వియ్యపురాళ్లు, పక్కగదిలో నిద్రలేని బాలింత. ఈ బొమ్మ ఒక్కసారి ఊహించుకుంటే సూట్‌కేసు మళ్లీ అటకెక్కుతుంది.

ఇంకో లాభం ఉంది. మొదటి నెలన్నర పాప పాలు తాగుతుంది, పడుకుంటుంది, ఏడుస్తుంది, అంతే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మన ముఖం చూసి నవ్వడం మొదలుపెడుతుంది. రెండో నెలలో మొదటి విడత టీకాలు పడతాయి. మూడో నెలకు మెడ కాస్త నిలబెడుతుంది. మేం వెళ్లేసరికి పాప మూడు నెలలు దాటి, గుండ్రంగా నవ్వుతూ ఉంది. వదినగారు (అదే, మా వియ్యపురాలు) మాత్రం "నవ్వే పిల్లను మీకిచ్చి, ఏడ్చే పిల్లతో నేను జాగారం చేశాను" అని ఇప్పటికీ అంటారు. నిజమే మరి.

డిసెంబరుకి ఇంకో వీలు కూడా ఉంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మావాడికి ఆఫీసు పని తక్కువ, మనిషి ఇంట్లో దొరుకుతాడు. చలి భరించాలి, టికెట్ ధర భరించాలి, అది వేరే.

ఎన్నాళ్లుండాలి? సాధారణంగా వెళ్లిన ప్రతిసారీ ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ఇచ్చారు కదా అని ఆరు నెలలూ ఉండక్కర్లేదు. ఏడెనిమిది వారాలు మాకు సరిగ్గా సరిపోయాయి.

2. కొడుకుని కాదు, కోడలిని అడగండి

మావాణ్ని అడిగితే "ఎప్పుడైనా రా అమ్మా" అంటాడు. వాడికి ఏదైనా ఒకటే. నేను కోడలికి విడిగా ఫోన్ చేసి మూడు విషయాలు అడిగాను: ఏ తేదీలు నీకు వీలు, పిల్లల డాక్టరు మాకు ఏ టీకాలు వేయించుకోమన్నారు, ఇక్కణ్నుంచి నీకేం కావాలి. మూడోదానికి "ఏం వద్దు అత్తయ్యా" అంది. రెండ్రోజుల తర్వాత మెసేజ్ పెట్టింది: మెత్తటి పాత నూలు చీరలు నాలుగు, బాలింతలకు పెట్టే కాయం, వెల్లుల్లి కారం. అడిగిన వెంటనే ఎవరూ చెప్పరు. రెండ్రోజులు ఆగాలి.

3. పాస్‌పోర్టు, వీసా

పాస్‌పోర్టుకి కనీసం ఏడాది గడువు ఉండేలా చూసుకోండి. దానిలో పేరు, ఇంటిపేరు ఎలా ఉంటే టికెట్ మీదా, ఫారాల మీదా అచ్చం అలాగే ఉండాలి. మన తరంలో ఇంటిపేరు ఒక కాగితంలో ముందూ, ఇంకో కాగితంలో వెనకా ఉంటుంది. గొడవలన్నీ అక్కడే.

కావాల్సింది బి1/బి2, అంటే సందర్శకుల వీసా. ఒక్కొక్కరికీ ఒక డీఎస్-160 ఫారం (వీసా దరఖాస్తు) ఆన్‌లైన్‌లో నింపాలి, మనిషికి 185 డాలర్ల ఫీజు. ఆ తర్వాత రెండు అపాయింట్‌మెంట్లుంటాయి. ఒకటి వేలిముద్రలకూ ఫొటోకూ, రెండోది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. స్లాట్లు నెలల తరబడి దొరకని కాలాలుంటాయి. కాబట్టి కోడలికి మూడో నెల అని తెలిసినప్పుడే ఈ పని మొదలుపెట్టండి. కాన్సులేట్‌లోకి ఫోన్ రానివ్వరు. ఎవరినైనా తోడు తీసుకెళ్లి, ఫోన్లు వాళ్ల చేతికివ్వండి.

ఇంటర్వ్యూకి మావారు ఇంటి దస్తావేజుల దాకా పెద్ద ఫైలు కట్టారు. కిటికీ అవతల అధికారి మూడు నిమిషాల్లో తేల్చేశారు: ఎవరి దగ్గరికి, ఎందుకు, ఎన్నాళ్లు, మీరేం చేసేవారు. ఫైలు తెరవనేలేదు. అయినా కొడుకు రాసిన ఆహ్వాన పత్రం, వాడి హెచ్‌-1బి (ఉద్యోగ వీసా) కాగితాలు, మన బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరుంచుకోండి. జవాబు సూటిగా, పొట్టిగా చెప్పండి. తెలుగులో మాట్లాడతామంటే అనువాదకులు ఉంటారు, మొహమాటపడక్కర్లేదు.

వీసా మంజూరైతే సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. ఆ పదేళ్లు అక్కడ ఉండటానికి అనుకునేరు! అది వెళ్లి రావడానికి గడువు. ఉండే గడువు అమెరికాలో దిగాక వేరే ఇస్తారు. ఆ సంగతి 7లో చెప్తాను.

4. టీకాలు, మందులు, ఇన్సూరెన్సు

టీకాల మాట ఎత్తగానే మా ఇంట్లో చిన్న యుద్ధం. "ముగ్గురు పిల్లల్ని పెంచాం, ఏ టీకా వేయించుకుని ఎత్తుకున్నాం?" అని మావారు. కోరింత దగ్గు పెద్దవాళ్లకు మామూలు దగ్గులాగే ఉంటుంది, పసిపిల్లలకు మాత్రం ఊపిరి అందకుండా చేస్తుంది. పాపకు సొంత టీకా రెండో నెలలో మొదలై, విడతలు పూర్తవడానికి నెలలు పడుతుంది. అందుకే పాపను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు పెద్దవాళ్లు టీడ్యాప్ టీకా వేయించుకోవాలి. మన దగ్గర బూస్ట్రిక్స్, అడాసెల్ అనే పేర్లతో దొరుకుతుంది. ఫ్లూ టీకా కూడా వేయించుకోండి. డిసెంబరు అక్కడ జలుబుల కాలం. ఈ టీకాలు అన్ని మందులషాపుల్లోనూ ఉండవు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. చివరికి మావారిని ఒప్పించింది నేను కాదు, పాప వీడియో.

రోజూ వేసుకునే మందులు ఉండబోయే రోజులకన్నా రెండు వారాలు ఎక్కువే కొనండి. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాల్లో పోయొద్దు. డాక్టరు చీటీలో మందు అసలు పేరు ఇంగ్లీషులో ఉండాలి. మొత్తం మందులు చేతిబ్యాగులోనే పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసు తప్పిపోతే బీపీ మాత్ర కోసం వెతుక్కునే గతి పట్టకూడదు.

ఇన్సూరెన్సు లేకుండా మాత్రం విమానం ఎక్కొద్దు. ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. పాలసీల్లో రెండు రకాలున్నాయి. ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని ముందే గీత గీసేవి చవక. మొత్తం బిల్లులో ఎక్కువ భాగం భరించేవి ఖరీదు. రెండోదే తీసుకోండి. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు ఏం ఇస్తారో, ఏం ఇవ్వరో ఉన్న పేజీని కొడుకుతో కలిసి చదవండి. అసలు మెలిక ఆ పేజీలోనే ఉంటుంది.

5. టికెట్లు

డిసెంబరు రెండో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా ధరలు మండిపోతాయి. అక్కడ థ్యాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం. ఆ రద్దీ తగ్గాక, క్రిస్మస్ రద్దీ మొదలవకముందు ఒక చిన్న సందు ఉంటుంది. మేం ఆ సందులో దూరాం. ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కొనేయండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టయితే మంచిది.

శంషాబాద్ నుంచి దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లొచ్చు. మొత్తం టికెట్ ఒకే బుకింగ్‌లో ఉండాలి, అప్పుడు సామాను నేరుగా చివరిదాకా వెళ్తుంది. మధ్యలో మూడు గంటలకు తక్కువ వ్యవధి వద్దు. మన నడకకు గంటన్నర చాలదు.

బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. ఉచితం. మావారు "నాకేం రోగం?" అని మొండికేసి, దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడిచేసరికి కుర్చీలో కూలబడ్డారు. తిరుగు ప్రయాణంలో నోరెత్తకుండా కూర్చున్నారు. అది రోగానికి మాత్రమే కాదు, దారి తెలియనివాళ్లకూ భాష రానివాళ్లకూ కూడా. అమెరికాలో తోసుకొచ్చిన మనిషికి ఇవ్వడానికి అయిదు డాలర్ల నోట్లు రెండు జేబులో ఉంచుకోండి.

6. సామాను

చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ముందు టికెట్ మీద చూసుకోండి. ఇంట్లో వేలాడదీసి తూచే చిన్న త్రాసు కొనుక్కుంటే, ఎయిర్‌పోర్టులో నలుగురి ముందు పెట్టె విప్పి చీరలు అటూ ఇటూ మార్చే తిప్పలు తప్పుతాయి.

తినే వస్తువులు ఏవున్నా అక్కడ దిగాక చెప్పాలి. ఉన్నవి చెప్తే చూసి వదిలేస్తారు, లేదా ఆ వస్తువు తీసేసుకుంటారు. దాస్తే వందల డాలర్ల జరిమానా. తీసుకెళ్లకూడనివి:

- కరివేపాకు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద ఉంటుందని రానివ్వరు. ఆకు ఎండినా, పొడి చేసినా రిస్కు వద్దు.
- పచ్చి కూరగాయలు, పండ్లు, మొక్కలు, నాటే విత్తనాలు. పెరట్లో వేసుకుంటారని గోంగూర గింజలు మూటకట్టే అలవాటు మానుకోవాలి.
- మాంసం కలిసిన ఏదైనా. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా.
- బియ్యం. అక్కడ సోనామసూరి బస్తాలు దొరుకుతాయి, మోయడం దేనికి?
- గల్ఫ్ మీదుగా వెళ్తుంటే గసగసాలు. మనకది మసాలా దినుసు, అక్కడ మాదకద్రవ్యం కింద లెక్క. మసాలా పొడిలో కూడా వేయించకండి. జైలు దాకా వెళ్లిన వాళ్లున్నారు.

ఆవకాయ, కందిపొడి, వెల్లుల్లి కారం, సున్నుండలు, కజ్జికాయలు మాకు ఇబ్బంది లేకుండా వచ్చాయి. నూనె పచ్చళ్లను మంచి దుకాణంలో సీలు వేయించి, మీద పేరు ఇంగ్లీషులో అతికించండి. సీసా వద్దు.

పాపకోసం తీసుకెళ్లాల్సినవి చాలా తక్కువ. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు, ఒక వెండి గిన్నె, చెంచా, మొలతాడు. బట్టలు కొనకండి. నేను మూడు నెలల సైజు గౌన్లు అయిదు కొన్నాను. అక్కడికెళ్లేసరికి ఒక్కటీ పట్టలేదు.

ఇక నా ఘనకార్యం. పాప తల గుండ్రంగా రావాలని, రెండు కిలోల ఆవాలు కడిగి, ఎండబెట్టి, మల్లుగుడ్డలో పోసి దిండు కుట్టాను. నాలుగు మూలలా దారంతో పువ్వులు కూడా వేశాను. మా అమ్మ మావాడికి అలాగే కుట్టింది. సూట్‌కేసు మూసేముందు వీడియోలో కోడలికి చూపిస్తే, మాట్లాడకుండా పాప మంచం వైపు ఫోన్ తిప్పింది. గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగిన ఒక దుప్పటి, అంతే. దిండు లేదు, బొంత లేదు, బొమ్మ లేదు. పాప వెల్లకిలా పడుకునుంది. అక్కడ 1994 నుంచీ పసిపిల్లల్ని వెల్లకిలానే పడుకోబెట్టమని ఊరూవాడా చెప్పి, నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య బాగా తగ్గించారు. పిల్లల మంచంలో మెత్తటి వస్తువు ఏదీ ఉండకూడదు. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, కాసేపు బోర్లా వేస్తారు. నా ఆవాలు తిరిగి పోపుల డబ్బాలోకి చేరాయి. దిండు గలీబు మాత్రం దాచుకున్నాను.

7. దిగాక

నెవార్క్‌లో ఇమిగ్రేషన్ అధికారి వేలిముద్రలు తీసుకుని, ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడిగారు. "కొడుకు దగ్గరికి, మనవరాలిని చూడటానికి, ఫలానా తేదీకి తిరుగు టికెట్ ఉంది." ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఈ వీసా మీద ఏ ఉద్యోగమూ చేయకూడదు. మీరు చుట్టపుచూపుగా వెళ్తున్నారు, ఆ మాటే చెప్పండి. కొడుకు అడ్రసు, ఫోను నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. ఫోన్లో ఉందంటే చాలదు, అప్పటికి చార్జింగ్ అయిపోతుంది.

ఇంటికెళ్లాక కొడుకుచేత ఐ-94 రికార్డు ఆన్‌లైన్‌లో తీయించండి. ఏ తేదీలోగా దేశం వదలాలో అందులో ఉంటుంది. పేరులో తప్పుంటే అప్పుడే చెప్పి సరిచేయించాలి.

కారులో పాపను ఒళ్లో పెట్టుకోవాలని మనసు లాగుతుంది. కుదరదు. రెండు నిమిషాల దూరమైనా వెనక్కి తిరిగి ఉన్న కారు సీటులోనే, బెల్టు వేసే.

8. ఆ ఇంట్లో

మొదటి వారం మనకు రాత్రి రెండింటికే తెలివొస్తుంది. చలికాలంలో న్యూజెర్సీ మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఊరికే పైకప్పు చూస్తూ పడుకోకండి. ఆ వేళకు పాప కూడా లేస్తుంది. తీసిపెట్టిన పాలు పట్టే పని మీరు తీసుకుంటే, కోడలికి వరుసగా అయిదు గంటల నిద్ర దొరుకుతుంది. అయితే ముందు అడిగి, నేర్చుకుని.

నేను నేర్చుకోకుండానే దిగాను. రెండోరాత్రి ఫ్రిజ్‌లో సీసా తీశాను. పాలు కదా, కాచకుండా పిల్లకెలా పడతాం? గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. పొంగు రాబోతుండగా కోడలు గదిలోంచి వచ్చింది. గిన్నె చూసింది, నన్ను చూసింది. అవి తన పాలు. అరగంట మిషన్ పెట్టుకుంటే వచ్చిన పాలు. ఒక్క మాట అనలేదు, కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి. పొయ్యి కట్టేసి "ఎలా చేయాలో చూపించమ్మా" అన్నాను. సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి గోరువెచ్చగా చేయాలి. కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. తీసిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. పాప తాగగా సీసాలో మిగిలినవి రెండు గంటల్లో వాడేయాలి, ఆ తర్వాత పారబోయడమే. మర్నాడు తను ఇవన్నీ తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నాకు సిగ్గేసింది, కానీ ఆ కాగితం వల్ల తర్వాత ఒక్క తప్పూ జరగలేదు. మీరు మొదటిరోజే అలాంటి కాగితం అడిగి రాయించుకోండి.

మన అలవాట్లలో కొన్ని అక్కడ పక్కన పెట్టాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, అందులో పసిపిల్లలకు ప్రమాదమైన బాక్టీరియా ఉండొచ్చు. ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా వద్దు. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి దిష్టిచుక్క కూడా మానేశాను. దిష్టి తీయాలనిపిస్తే ఉప్పు తిప్పి సింకులో వేసుకోవచ్చు, దానికి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు. సాంబ్రాణి ఊసే ఎత్తకండి. ఎండుమిరపకాయల పోపుకే పొగ అలారం కూసి పాప ఉలిక్కిపడి లేచింది, మావారు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ అరగంట నిలబడ్డారు. నూనెతో ఒళ్లు రుద్దడానికి మాత్రం అందరూ సరే అన్నారు. హీటర్ గాలికి ఒళ్లు పొడిబారుతుంది, అది పాపకీ హాయి, నాకూ హాయి.

ఫొటోలు కుటుంబం గ్రూపులో పెట్టేముందు ప్రతిసారీ అడగండి. మా ఆడపడుచు స్టేటస్‌లో పెట్టేసింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఊళ్లోవాళ్లకు చూపించడానికి ఒక వేళ పెట్టుకుంటే మంచిది. మనకు సాయంత్రం ఏడు గంటలంటే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, పాప స్నానమై హుషారుగా ఉండే సమయం.

కోడలితో ఒక్క మాట అనకండి: "మీ అమ్మ ఎలా చేసేది?" మంచి మనసుతో అడిగినా పోలికలాగే వినిపిస్తుంది.

9. తాతయ్య సంగతి

సాయంత్రం నాలుగున్నరకే చీకటి, బయట సున్నా డిగ్రీలు, కారు లేకపోతే కాలు కదలదు. వారం తిరిగేసరికి మావారు కిటికీ దగ్గర కూర్చుని నిట్టూరుస్తున్నారు. ఆయనకు ఏదో ఒక పని అప్పగించాలి. పాత్రలు మిషన్‌లో సర్దడం, బట్టలు మడతపెట్టడం, చెత్త బయట పెట్టడం. ఎడిసన్‌లో ఓక్‌ట్రీ రోడ్డు మీద తిరిగితే సగం మన ఊళ్లోలాగే ఉంటుంది. శనివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లారు, పులిహోర తిని మనిషి తేరుకున్నారు. బరువైన కోటు ఇక్కడ కొనొద్దు, అక్కడి చలికి మన కోటు ఆగదు. లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని మేజోళ్లు తీసుకెళ్తే చాలు.

10. తిరిగొచ్చేముందు

ఆఖరి వారం షాపింగులో తగలేయొద్దు. నేను నాలుగు రోజులు వంటగదిలో ఉన్నాను. ఇడ్లీపిండి, పప్పుచారుకి ఉడికించిన కందిపప్పు, ఉల్లి టమాటా వేయించిన ముద్ద, చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో సర్ది, ప్రతి డబ్బా మీద పేరు, తేదీ రాసి టేపు అంటించాను. ఇద్దరికి ఒక పూటకు ఒక డబ్బా. పెద్ద డబ్బాలో పెడితే కరిగించింది మళ్లీ గడ్డ కట్టించలేరు, పారేస్తారు.

వచ్చిన పది రోజులకు కోడలు ఫోన్ చేసింది, కందిపొడి అయిపోయిందట, ఎలా చేయాలని. "కందిపప్పు దోరగా వేయించి, జీలకర్ర, మిరపకాయలు తగినన్ని..." అంటుంటే ఆపింది. "తగినన్ని అంటే ఎన్ని అత్తయ్యా?" ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వంటింట్లోకెళ్లి, ఫోను గట్టు మీద నిలబెట్టి, గుప్పిట్లోకి మిరపకాయలు తీసుకుని లెక్కపెట్టాను. కప్పు పప్పుకి పద్నాలుగు.